అపరాధ పరిశోధక నవలయు, అడవి యంచు గ్రంథాలయములును

గ్రంథాలయ చరిత్రమును వ్రాయువారు సాధారణముగా మూడు సంగతులు చెప్పి విరమింతురు. ఏ సంవత్సరమున స్థాపించిరి, స్థల మెవరిచ్చిరి, ప్రారంభోత్సవమునకు అధ్యక్షు లెవరు అనునవి ఆ మూడు. ఇవన్నియు చెప్పదగినవే. కాని గ్రంథాలయమునకు ప్రాణము చదువరి. ఆ చదువరి ఏ పుస్తకము కొరకై మొట్టమొదట గడప దాటి లోనికి వచ్చెనో చెప్పని చరిత్రము సగము చరిత్రమే యగును. పల్లె గ్రంథాలయములలో అట్ట చినిగి, అంచులు నలిగి, విడివడిన పుటలను దారముతో మరల కుట్టించుకొన్న పుస్తకము లేవియో చూచినచో, పురాణముల ప్రక్కన తప్పక కానవచ్చునవి అపరాధ పరిశోధక నవలలు. జనుల నోట వీనికి డిటెక్టివు పుస్తకములని పేరు.

పెద్దలు వీనిని గౌరవింపలేదు. సభలలో వీని పేరెత్తినవా రరుదు. పిల్లవాడు పాఠ్యపుస్తకములో దాచి చదివెను. తండ్రి పిల్లవానికి తెలియకుండ చదివెను. హంతకు డెవడో తెలిసికొనవలెనను తహతహతో అక్షరము వెంట అక్షరము పట్టుకొని పోయి, చదువు నలవాటుగా చేసికొన్నవారు తెలుగునాట వేలకొలది కలరు. అందుచేత ఆ నవల యెక్కడ పుట్టినది, ఏ త్రోవల నీ అడవి యంచునకు రాదగి యుండెను, ఇచ్చట చదువరికి అది యిచ్చినదేమి, ఈయలేనిదేమి, ఆ లోటును తీర్చిన తెలుగు రచయిత యెవరు అను ప్రశ్నలను రజతోత్సవ సమయమున విచారించుట ఉచితము.

ఏటి కిరువైపుల రెండు శాసనములు

ఖమ్మము పొలములు ముగిసి భద్రాచలపు అడవులు మొదలగు నీ ప్రాంతమున నేరమను మాటకు అర్థము ఎన్నడును ఒక్కటిగా నుండలేదు. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరి కావలనున్న భద్రాచల ప్రాంతమును ఇంగ్లీషువారికి వదలుకొన్నది. అది కొంతకాలము మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. ఈవలి గట్టున పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతములు నిజాము రాజ్యముననే నిలిచినవి. కావున 1948 వరకు ఏరు దాటిన మనుష్యుడు ఒక ప్రభుత్వమును విడిచి మరియొక ప్రభుత్వమున అడుగుపెట్టెడివాడు. ఒక గట్టున ఉర్దూ కాగితము, ఒక గట్టున ఇంగ్లీషు కాగితము. ఇరుగట్టుల మాట మాత్రము తెలుగు, కోయభాష. ఖమ్మము జిల్లా 1953లో ఏర్పడినది. భద్రాచలము 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి వచ్చి అందు కలిసినది.

ఈ ప్రాంతపు ప్రఖ్యాత చరిత్రము సైతము ఒక అభియోగముతో ముడివడియున్నది. నేలకొండపల్లి వాస్తవ్యుడైన కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నుండి, సర్కారు పైకమును భద్రాద్రి దేవాలయ నిర్మాణమునకు వెచ్చించెనని అభియోగము. తానీషా యనబడు అబుల్ హసన్ కుతుబ్ షా ప్రభుత్వము ఆయనను గోలకొండ చెరలో నుంచినది. పండ్రెండు సంవత్సరములని ప్రతీతి. లెక్కల పుస్తకము చూచిన సర్కారునకు ఆ పని నేరము. ప్రజల దృష్టిలో భక్తి. రామదాసు కీర్తనలు పాడుకొనుచు పెరిగిన జనులకు, చెరలో నున్నవాడెల్ల దుర్మార్గుడు కాడనియు, తీర్పునకు ముందు కథను పూర్తిగా వినవలెననియు ఏ నవలయు బోధింపనక్కర లేకపోయెను. అపరాధ పరిశోధక నవల వచ్చి చేరినది ఇట్టి శ్రోతల నడుమకు.

నవల పుట్టిన చోటు

నేరమును గూర్చిన కథలు అన్ని దేశములందును పాతవే. పేదరాసి పెద్దమ్మ కథలలోను, మర్యాదరామన్న తీర్పులలోను దొంగను పట్టు ఉపాయములు కలవు. కాని ఆధారముల నొక్కటొక్కటిగా కూర్చి, ఊహకు తర్కమును తోడుచేసి, చివరి పుటలో ముడి విప్పు పద్ధతి అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో 1841లో ప్రకటించిన కథతో ఆరంభమైనదని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. 1887లో ఇంగ్లండున ఆర్థర్ కానన్ డాయల్ సృష్టించిన షెర్లాక్ హోమ్సు లోకమంతట పేరొందెను.

ఆ పద్ధతి భారతదేశమునకు వంగదేశపు త్రోవన వచ్చినది. కలకత్తా పోలీసు శాఖలో పనిచేసిన ప్రియనాథ ముఖోపాధ్యాయుడు తన అనుభవములను ‘దారోగార్ దప్తర్’ అను పేర 1892 నుండి ప్రకటించెను. పిమ్మట పాంచకడి దే వ్రాసిన నవలలు వంగదేశమును ఉఱ్ఱూతలూగించినవి. బంకించంద్రుని నవలలను ఆదరముతో తెనిగించుకొన్న తెలుగువారు పాంచకడి దేను సైతము వదలలేదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో వెలసిన గ్రంథమాలలు చందాదారులకు పంపిన పుస్తకములలో ఇట్టి అనువాదములును కలవు. 1912లో దేవరాజు వేంకటకృష్ణారావు రచించిన ‘వాడే వీడు’ తెలుగు అపరాధ పరిశోధక నవలలలో మొదటి వరుసలోనిదిగా పేర్కొనబడుచున్నది.

ఈ సందర్భమున వేలిముద్ర ముచ్చట చెప్పదగినది. డిటెక్టివు నవలలో హంతకుని పట్టి యిచ్చు వేలిముద్ర విలాయతీ విద్యయని చాలమంది తలంతురు. ఆ శాస్త్రము పెరిగిన నేల భారతదేశము. 1858లో బెంగాలున విలియం హెర్షెల్ అను దొర ఒక గుత్తేదారుచే ఒడంబడిక కాగితముపై అరచేతి ముద్ర వేయించెను. మాట తప్పకుండుటకై వేయించిన ఆ ముద్ర నుండి ఆయన పరిశీలన సాగినది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము ఏర్పడినది. ముద్రల వర్గీకరణమునకు అజీజుల్ హఖ్, హేమచంద్ర బోసు అను భారతీయ ఉద్యోగులు చేసిన కృషి ముఖ్యమైనది. నాలుగు సంవత్సరములకు, 1901లో, లండను పోలీసులు ఆ పద్ధతిని గైకొనిరి. నవలలో వేలిముద్ర దోషిని పట్టించును. పల్లెలో వేలిముద్ర అంతకంటె చేరువ వస్తువు. చదువురాని రైతు వడ్డీవ్యాపారి ప్రోనోటుపై వేసిన నల్లని గురుతు అది. ఒకే వేలిముద్ర ఒకచోట సత్యమునకు సాక్షి. మరియొకచోట ఏమి వ్రాసినారో తెలియక ఇచ్చిన సమ్మతి. ఈ రెండవ ముద్రను సంతకముగా మార్చుట గ్రంథాలయము చేసిన పనులలో పెద్దది.

గ్రంథాలయమే అనుమానితమైన దినములు

తెలంగాణమున గ్రంథాలయోద్యమము 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనముతో మొదలైనది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు మున్నగువారు అందుకు పూనికొనిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. ఇంగ్లీషువారి ఏలుబడిలోని ఆంధ్రమున 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వేంకట రమణయ్య దానికి ఊపిరి. నిజాము రాష్ట్రాంధ్రుల గ్రంథాలయ మహాసభ 1925లో మధిరలో సమావేశమగుట ఖమ్మము సీమకు గర్వకారణము. ఆంధ్ర మహాసభ సైతము 1934లోను, 1945లోను ఖమ్మములో జరిగినది.

ఈ తేదీల వెనుక భయమున్నది. నిజాము రాజ్యమున సభలకు ముందుగా అనుమతి పొందవలెనని నిర్బంధించిన గస్తీ నిషాన్ 53వ నంబరు ఉత్తరువు గ్రంథాలయ వార్షికోత్సవములకు సైతము అడ్డు తగిలినది. దేశముఖులు, పోలీసు పటేళ్లు చదువుకొన్న యువకులు కూడు చోటును మంచి కంటితో చూడలేదు. అపరాధ పరిశోధక నవలలో అనుమానితు డొకడుండును. ఆ కాలమున అనుమానితము గ్రంథాలయమే. ఒక గదిలో దీపము వెలుగుచున్నది, పదిమంది కూర్చున్నారు, ఒకడు బిగ్గరగా చదువుచున్నాడు. ఇంతమాత్రమునకు ఎవరు వచ్చిరి, ఏమి చదివిరి అని విచారణ జరుగు దినము లవి. కావుననే హైదరాబాదు రాష్ట్రమున గ్రంథాలయమును నిలుపుట సాహిత్య సేవ మాత్రమే కాక పౌరహక్కుల పోరాటమును అయ్యెను.

పుస్తకము వచ్చు త్రోవలు

ఈ సరిహద్దునకు వెలుపలి ప్రపంచము నుండి వచ్చు మార్గములు రెండు. ఒకటి ఏటి త్రోవ. రాజమహేంద్రవరము నుండి పడవలు, తరువాతి కాలమున లాంచీలు పాపికొండల నడుమగా భద్రాచలము వైపు వచ్చెడివి. రాజమహేంద్రవరము పుస్తక ప్రచురణకు పెట్టినది పేరు. రెండవది ఇనుపదారి. బెజవాడ నుండి మధిర, ఖమ్మము మీదుగా డోర్నకలు వరకు పెద్దలైను. అచ్చట నుండి బొగ్గుగనుల వైపు చీలిన శాఖ. కొత్తగూడెములోని రైలు స్టేషనునకు భద్రాచలం రోడ్ అని పేరు. ఆ పేరు చూచి దిగిన యాత్రికుడు భద్రాద్రి చేరుటకు ఇంకను రమారమి 40 కిలోమీటర్లు పోయి, పిమ్మట ఏరు దాటవలసియుండెను. గోదావరిపై వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన తరువాత గాని ఏటి గండము తీరలేదు.

కావున ఈ ప్రాంతమునకు పుస్తకము చవుకగా నుండవలెను, తేలికగా నుండవలెను, ఒక ప్రతి నూరు చేతులు మారుటకు తగినట్లుండవలెను. ఆ లక్షణములు చిన్న నవలకు కలవు. వేయి నవలల రచయితగా పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు పుస్తకములు రైలు స్టేషనులలో అమ్ముడుపోయినవి. ఆయన వ్రాసినవి చాలవరకు సాంఘిక నవలలే యైనను, కొద్ది డబ్బులకు పుస్తకము కొనుట యను అలవాటు సామాన్యులలో నాటుకొన్నది. ఆ నేలపై 1950, 1960 దశకములలో డిటెక్టివు నవల ఏపుగా పెరిగినది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరు, అతని సహాయకుడు రాజు తెలుగిండ్లలో చుట్టములవలె పరిచితులైరి. టెంపోరావు, విశ్వప్రసాద్ మున్నగువారు విరివిగా వ్రాసిరి. మహాకవులలో నొకడని పేరొందిన ఆరుద్ర సైతము ‘పలకల వెండిగ్లాసు’ వంటి అపరాధ పరిశోధక నవలలు వ్రాయుటకు వెనుదీయలేదు.

గ్రంథాలయ కార్యదర్శులకు ఇది సంకటమైనది. జ్ఞానదానము కొరకు స్థాపించిన ఆలయమున హత్యల పుస్తకములా యని పెద్దలు నిలదీసిరి. ఆ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. చేయి తిరిగినవారు వ్రాసినవి కొన్నియే. తొందరలో అల్లినవి, పరదేశపు కథకు తెలుగు పేరులు తగిలించినవి పెక్కు. అయినను మరియొక ప్రక్క చూడవలెను. 1951 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. అడవి పల్లెలలో అంతకు తక్కువ. ఇట్టిచోట పుస్తకము ఒక్కడు చదువునది కాదు; ఒకడు చదువగా పదిమంది వినునది. పురాణ కాలక్షేపమునకు అలవడిన రచ్చబండ శ్రోత నవలకును చెవియొగ్గెను. తేడా ఒక్కటే. పురాణమున ముందేమి జరుగునో శ్రోతకు తెలియును. డిటెక్టివు నవలలో తెలియదు. కావున శ్రోత నడుమ నడుమ ప్రశ్నించును. తోటమాలి అబద్ధమాడినాడని ఒకడు, కాదు, మేనల్లునికే ఆస్తి లాభమని మరొకడు వాదింతురు. చదువువాడు వెనుకటి పుటకు పోయి, ఆ మాట యచ్చట నున్నదో లేదో చూచి చెప్పవలెను.

విన్న మాటను వెంటనే నమ్మకుండుట, పుట తిరుగవేసి సాక్ష్యమును చూచుట, అందరు అనుమానించినవాడు నిర్దోషి కావచ్చునని తెలియుట అను మూడును ఆ నవల పల్లెకు తెచ్చిన సద్గుణములు. ఒక యిల్లాలిని మంత్రగత్తె యని, ఒక సంచారిని దొంగ యని, ఊరంతయు ఒక్క మాటగా తీర్మానించుకొనుట ఎరిగిన సమాజమునకు ఈ గుణములు చిన్నవి కావు. పుస్తక పఠన మండలి యను పేరు లేకున్నను, ఆ రచ్చబండ చుట్టు కూడిన వారిది పఠన మండలియే.

నవలకు తెలియని నేరములు

ఆ నవల యొక్క లోటును గూడ చెప్పవలెను. యుగంధరుని కథలు చాలవరకు మద్రాసు మహానగరమున నడచును. లక్షాధికారి, వీలునామా, మేడమీది గది, మోటారుకారు, టెలిఫోను ఆ లోకపు సామగ్రి. అడవి యంచు చదువరికి అవి వింతలుగా ముచ్చట గొలిపినవి. కాని తాను చూచిన నేరము అందులో కానరాలేదు. ఇచ్చటి జనులకు తెలిసిన కేసులు వేరు. 1882 నాటి మద్రాసు అడవి చట్టము రిజర్వు అడవులలో పోడు నరుకుటను, అనుమతి లేక అటవీ ఫలసాయము తెచ్చుటను నేరముగా చేసినది. తాతముత్తాతల నాటి బ్రతుకుతెరువు ఒక కాగితముతో అపరాధమైనది. నిజాము గట్టునను అడవి నిర్బంధములు తక్కువగా లేవు. గంప కట్టెల కొరకు, తాటిగెల కొరకు, ఇప్పసారా కొరకు కచ్చేరికి నడచినవారి కథలను పరిశోధించుటకు ఏ డిటెక్టివును రాలేదు. దోషి యెవడో అచ్చట రహస్యము కాదు. చట్టము న్యాయమా యనునదియే ప్రశ్న.

1922 ఆగస్టున అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసినప్పుడు సర్కారు దస్త్రములు దానిని ఫితూరీ యనినవి. నూరేండ్లకు, 2022లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక జిల్లాకు ఆయన పేరు పెట్టినది. ఒకప్పటి భద్రాచల ఏజెన్సీలోని చింతూరు, కూనవరము మండలములు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరి యుండి, ఆ జిల్లా ఏర్పడినప్పుడు అందు కలిసినవి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము పుట్టుకతోనే కొన్ని కులములవారిని దొంగలనినది. 1911 నుండి మద్రాసు రాజధానిలోను అమలుజరిగి, ఎరుకలవారు మున్నగువారిని హాజరుపట్టీలకు, సెటిల్మెంటులకు కట్టివేసినది. 1952లో గాని అది రద్దు కాలేదు. పోడు సాగు సంగతియు అంతే. 2005 డిసెంబరు 13కు పూర్వము నుండి సాగులో నున్న గిరిజనులకు షరతులతో హక్కు నొసగు చట్టము 2006లో వచ్చినది. 1882లో నేరము, 2006లో హక్కు. ఇట్టి మార్పులను చూచిన ప్రాంతమునకు, హంతకు డెవడను ప్రశ్నతో ముగియు నవల సగము దాహమునే తీర్చగలదు.

చెర లోపలి నుండి వచ్చిన రచయిత

మిగిలిన దాహమును తీర్చిన తెలుగు రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారమున బీదకుటుంబమున పుట్టెను. పరుల యింట వంటపని, హోటలులో సర్వరు పని, ముద్రణాలయమున ప్రూఫులు దిద్దు పని చేసి బ్రతికెను. చదువు తానుగా నేర్చుకొన్నది. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ప్రచురించిన పుస్తకముల మూటను మోసికొని తెలంగాణ గ్రామములకు తిరిగి అమ్మెను. రచయిత యనిన పట్టణమున నుండి వ్రాసి పంపువాడని తలచు కాలమున, ఆ రచయితయే నడచి వచ్చి, పుస్తకమును చదువరి చేతిలో పెట్టి, ముచ్చటించి, పొరుగూరికి పోవుట ఎట్టి సంఘటనమో ఊహింపదగినది. డిటెక్టివు నవలా రచయితల పుస్తకములు పల్లెకు వచ్చినవి. ఆళ్వారుస్వామి తానే వచ్చెను.

ఆంధ్ర మహాసభలో పనిచేసినందుకును, రాజకీయ పోరాటములందు పాల్గొన్నందుకును ఆయన పలుమారులు చెరసాల చూచెను. నిజామాబాదు చెరలో ఆయనకు తోటి ఖైదీ దాశరథి కృష్ణమాచార్యులు. ఖమ్మమున చదువుకొన్న ఆ కవి చెరసాల గోడపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. 1949లో వెలువడిన తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికి అంకిత మిచ్చెను. ఆళ్వారుస్వామి చెరలో రాజకీయ ఖైదీలతో మాత్రమే మాట్లాడి యూరకుండలేదు. దొంగతనమునకు, హత్యకు, చిల్లర నేరములకు శిక్ష పడినవారి ప్రక్కన కూర్చుండి, వారి వృత్తాంతములు వినెను. ఆ కథల సంపుటమే ‘జైలు లోపల’.

అపరాధ పరిశోధక నవల ముగిసిన చోట ఆ కథలు మొదలగును. నవలలో దోషి చేతికి బేడీ పడుటతో కథ కంచికి పోవును. ‘జైలు లోపల’ పుస్తకమున బేడీ పడినవాడు మాట్లాడనారంభించును. ఏ ఆకలి, ఏ అవమానము, ఏ చెడు పరిసరములు అతని నచ్చటికి తెచ్చినవో చదువరి తెలిసికొనును. నేరమును మెచ్చుకొనుమని ఆ రచయిత చెప్పడు. నేరము చేసినవాడు మనుష్యుడని మరువవలదని మాత్రము చెప్పును. తీర్పరి కుర్చీలో కూర్చుండి చదువుట కలవాటుపడిన పాఠకుని, ఆయన నేలమీద ఖైదీ ప్రక్కన కూర్చుండబెట్టెను. ‘ప్రజల మనిషి’ నవలలో దొర గడీ దౌర్జన్యమును చిత్రించినప్పుడును ఆయన దృష్టి ఇదియే. చట్టము చేత నున్నవాడు చేయు నేరము ఠాణా దస్త్రమున కెక్కదు. దానిని పుస్తకము వ్రాసికొనవలెను. ఆళ్వారుస్వామి 1961 ఫిబ్రవరి 5వ తేదీన, ఏబదియేండ్లయిన నిండకమునుపే, కన్నుమూసెను.

రెండు అరలు, ఒక గది

స్వాతంత్ర్యానంతరము గ్రంథాలయములకు చట్టపు అండ లభించినది. భద్రాచల గట్టునకు 1948 నాటి మద్రాసు చట్టము, ఖమ్మము గట్టునకు 1955 నాటి హైదరాబాదు చట్టము. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము రెండు గట్టులను ఒక్కటి చేసినది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున చేరు గ్రంథాలయ పన్ను ఆ వ్యవస్థకు ఆధారము. కావున పల్లెవాసి గ్రంథాలయమున అడుగిడునప్పుడు దాతృత్వమును స్వీకరించువాడు కాడు. తన పైసలతో కట్టుకొన్న యింటిలోనికి వచ్చువాడు.

పిమ్మటి కాలమున అద్దె పుస్తకముల దుకాణములు వెలసి, డిటెక్టివు నవలను దినమునకు కొద్ది పైసలకు అద్దెకిచ్చినవి. దూరదర్శనము, ఆపైన చేతి ఫోను వచ్చి ఆ దుకాణములను మూయించినవి. నేరకథ మాత్రము మూతపడలేదు, బొమ్మగా మారినది. కాని బొమ్మ చదువరిని ఆగనీయదు, వెనుకటి పుటకు పోయి సాక్ష్యము చూచుకొనుమనదు. నలుగురు పంచుకొన్న పుకారు ఫోనులో క్షణమున ఊరూర పాకి, ముక్కుమొగ మెరుగని బాటసారిని పిల్లల నెత్తుకుపోవు దొంగగా అనుమానించి కొట్టిన ఘటనలు 2018లో దేశమున పలుచోట్ల జరిగినవి. కొందరు ప్రాణములు గోల్పోయిరి. విన్నదాని నమ్మక ముందు ఆధారము అడుగు అలవాటు ఎంత అవసరమో చెప్పుటకు వేరు నిదర్శన మక్కరలేదు.

కావున పల్లె గ్రంథాలయమున అపరాధ పరిశోధక నవలల అరను చూచి సిగ్గుపడవలసిన పని లేదు. చిరిగిన వానిని పారవేయక కుట్టించి, ఎప్పటివో వ్రాసి నిలుపవలెను. అవి ఊరి చదువునకు దస్త్రములు. ఆ అర ప్రక్కనే ‘జైలు లోపల’ వంటి పుస్తకముల అర యుండవలెను. ఒక పుస్తకము అచ్చట, ఒక పుస్తకము ఇచ్చట తీసికొను చదువరి రెండు విద్యలు నేర్చును. దోషిని తప్పక గుర్తించుట ఒకటి. దోషి యని ఊరు పేరుపెట్టినవానిని తొందరపడి దోషి యనకుండుట మరియొకటి. నేరకథలు వ్రాయు రచయితలను గ్రామమునకు పిలిచి, పఠన మండలిలో కూర్చుండబెట్టి, ఈ అడవి ప్రాంతపు కేసుల సంగతి వారికి వినిపించుటయు మేలు. పట్టణపు మేడలో హత్యను ఊహించు కలమునకు పోడు కేసును, వేలిముద్ర వేసి పోగొట్టుకొన్న చెలకను, గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదన్న 1959, 1970 నాటి నిబంధనల చుట్టు నడచిన మాయలను చెప్పగలవారు ఈ పల్లెలలోనే కలరు. రచయిత వచ్చి మాట్లాడిపోవుట కంటె, విని పోవుట ఎక్కువ లాభము.

ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామమున ఒక గది తలుపు సాయంకాలమున తెరచుకొనుచున్న దనిన సామాన్య విషయము కాదు. ఒకప్పుడు అట్టి గదిలో దీపము వెలిగినందుకే విచారణ జరిగినది. ఆ దీపము ఆరకుండ చమురు పోసినవారికి, చినిగిన అట్టలు కుట్టినవారికి, రచ్చబండపై బిగ్గరగా చదివి వినిపించినవారికి, పుస్తకము తీసికొనిపోయి తిరిగి తెచ్చి యిచ్చిన ప్రతి చందాదారునకు ఈ రజతోత్సవమున గౌరవ మందుగాక! ఇరు గట్టుల గ్రంథాలయములును చిరకాలము వర్ధిల్లుగాక!